పాఠం చేతికొచ్చింది, తోడు రాలేదు

2021 వేసవి. కరోనా రెండో విడత ఉధృతి ఇంకా పూర్తిగా తగ్గలేదు. జార్ఖండ్‌లోని జంషెడ్‌పూర్‌లో ఐదో తరగతి చదివే పదకొండేళ్ల పాప రోడ్డు పక్కన కూర్చుని మామిడిపండ్లు అమ్మింది. చదివే ప్రభుత్వ బడి మూతపడింది, పాఠాలు ఆన్‌లైన్‌కు మారాయి, ఇంట్లో స్మార్ట్‌ఫోన్ లేదు. పండ్లు అమ్మిన డబ్బుతో ఫోన్ కొనుక్కోవాలన్నది ఆ పిల్ల ఆశ. ఆ సంగతి వార్తల్లో చూసిన ముంబయి వ్యాపారి ఒకరు పండుకు రూ.10 వేల చొప్పున 12 పండ్లకు రూ.1,20,000 చెల్లించారు. దేశమంతా ఆనందించింది. ఆనందించదగిన విషయమే. కానీ ఫోన్ రావడంతోనే కథ సుఖాంతమైందని మనమంతా నమ్మేశాం. ఆ నమ్మకమే ఇప్పుడు మన విద్యా ప్రణాళికల్లోనూ పాతుకుపోయింది. పిల్లల చేతికి ఒక పరికరం ఇచ్చి, అందులో పాఠాలు నింపితే బాధ్యత తీరిందనుకుంటున్నాం. పాఠం ఉచితమైనంత మాత్రాన చదువు అందరిదీ అయిపోదు. కూర్చుని చదువుకునే చోటు, చదువుకే కేటాయించిన వేళ, సందేహం అడిగితే చెప్పే మనిషి ఉండాలి. ఈ మూడూ లేని ఆన్‌లైన్ చదువు ఇప్పటికే చదువుకున్నవారిని మరో మెట్టు ఎక్కిస్తుందే తప్ప, మొదటి మెట్టు దగ్గర నిలబడ్డవారిని పైకి లాగలేదు. కాబట్టి పాఠాల మీద పెట్టినంత శ్రద్ధ, డబ్బు ఈ తోడు మీదా పెట్టాలన్నదే ఈ వ్యాసం చేసే వాదన.

ముందుగా చెప్పాల్సింది చెప్పాలి. సార్వత్రిక ఆన్‌లైన్ కోర్సులు మన కాలానికి దక్కిన గొప్ప సదుపాయం. ఏడు ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ కలిసి 2003లో వీడియో పాఠాల ప్రాజెక్టు ఎన్‌పీటెల్‌ను మొదలుపెట్టినప్పుడు, ఐఐటీ గోడల లోపల మాత్రమే వినిపించే పాఠం మొదటిసారి గోడ దాటింది. 2017 జులై 9న అప్పటి రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’ను ప్రారంభించాక ఆ తలుపు మరింత విశాలమైంది. కోర్సు వినడానికి రూపాయి కట్టనక్కర్లేదు. సర్టిఫికెట్ కావాలనుకున్నవారే ఫీజు కట్టి, పరీక్షా కేంద్రానికి వెళ్లి రాస్తారు. డిగ్రీలో ఒక సెమిస్టర్‌కు 40 శాతం దాకా కోర్సులను ‘స్వయం’ ద్వారా పూర్తిచేసి క్రెడిట్లు తెచ్చుకోవచ్చని యూజీసీ 2021లో అనుమతించింది. జంషెడ్‌పూర్ ప్రాంతాన్నే తీసుకుంటే, నగరంలో, దాని పొలిమేరల్లో ఎక్స్‌ఎల్ఆర్ఐ, ఎన్ఐటీ వంటి పేరున్న సంస్థలున్నాయి. గంటో రెండు గంటలో ప్రయాణం చేస్తే ఘాట్‌శిలా, చాకులియా, పటమ్‌దా వంటి ప్రాంతాల్లో ఆ సంస్థల గేటు కూడా చూడని యువత ఉంది. అలాంటి చోట ఉన్న డిగ్రీ విద్యార్థిని ఒక ఐఐటీ ప్రొఫెసర్ పాఠాన్ని కావలసినన్నిసార్లు ఆపి, వెనక్కి తిప్పి వినగలగడం చిన్న విషయం కాదు. ఈ సదుపాయాన్ని తక్కువ చేసి మాట్లాడేవారు చదువు ఎంత ఖరీదైపోయిందో మరిచిపోయినవారే.

అయితే ఈ తలుపులోంచి లోపలికి వెళ్లినవారు ఎవరు? పదిహేనేళ్ల అనుభవం స్పష్టమైన జవాబే చెబుతోంది. 2008లో కెనడాలోని మానిటోబా విశ్వవిద్యాలయం ఒక కోర్సును ఫీజు కట్టిన పాతికమందితోపాటు ఎవరైనా వినొచ్చని తెరిచి ఉంచితే 2 వేల మందికి పైగా చేరారు. ‘మూక్’ (భారీ సార్వత్రిక ఆన్‌లైన్ కోర్సు) అన్న మాట అప్పుడే పుట్టింది. 2011లో స్టాన్‌ఫర్డ్ కృత్రిమ మేధ కోర్సుకు 1,60,000 మంది నమోదయ్యారు. మరుసటి ఏడాదే కోర్సెరా, ఎడెక్స్, యుడాసిటీ అనే ఆన్‌లైన్ కోర్సుల వేదికలు వచ్చాయి. పేదవాడి ముంగిట్లోకి విశ్వవిద్యాలయం వచ్చిందని లోకమంతా రాసింది. 2013లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయ పరిశోధకులు తమ కోర్సెరా విద్యార్థులను సర్వే చేస్తే 80 శాతానికి పైగా అప్పటికే కాలేజీ చదువు పూర్తిచేసినవారని తేలింది. అదే ఏడాది కాలిఫోర్నియాలోని శాన్ హోసే స్టేట్ విశ్వవిద్యాలయం, లెక్కల్లో వెనకబడ్డవారిని కూడా కలుపుకుని యుడాసిటీతో కోర్సులు నడిపింది. మొదటి విడతలో సగం మంది కూడా గట్టెక్కలేదు, ప్రయోగాన్ని నిలిపి సరిచూసుకోవాల్సి వచ్చింది. ఎంఐటీ, హార్వర్డ్ కోర్సుల్లో 2012 నుంచి 2018 దాకా జరిగిన కోటీ పాతిక లక్షలకు పైగా నమోదులను పరిశీలించిన అధ్యయనం 2019లో ‘సైన్స్’ పత్రికలో వచ్చింది. నమోదు చేసుకున్నవారిలో సగానికి పైగా పాఠాల పేజీ తెరవనే లేదు. 2017-18లో కోర్సు పూర్తిచేసినవారు 3.13 శాతమే. ఆ కోర్సులు ఉపయోగపడింది ప్రధానంగా సంపన్న దేశాల వారికి.

పూర్తిచేసినవారి శాతంతో ఆన్‌లైన్ కోర్సును కొలవడం అన్యాయమని కొందరు వాదిస్తారు. గ్రంథాలయంలో పుస్తకం తీసుకున్న ప్రతివాడూ చివరి పేజీ దాకా చదవడు కదా, కావలసిన అధ్యాయం చూసుకుని వెళ్లిపోయేవాడికీ లాభమే కదా అంటారు. ఇందులో నిజముంది. ఇప్పటికే ఉద్యోగంలో ఉన్న ఇంజినీరు రెండు పాఠాలు విని పని నేర్చుకుంటే అది విజయమే. కానీ అదే అధ్యయనంలో మరో లెక్క ఉంది. డబ్బు కట్టి, సర్టిఫికెట్ లక్ష్యంగా చేరినవారిలో ఆ ఏడాది 46 శాతం పూర్తిచేశారు. అంటే పాఠం అదే, పరికరం అదే. తేడా అంతా చేరినవారి పరిస్థితిలో ఉంది. డబ్బు పెట్టగలిగినవారికి దానితోపాటే గట్టి సంకల్పం, కాస్త తీరిక, ముందున్న చదువు తోడొచ్చాయి. అవేవీ లేని తొలితరం విద్యార్థికి మూడో పాఠం దగ్గర అర్థంకాక ఆగిపోవడమంటే ‘ఈ చదువు నావల్ల కాదు’ అన్న తీర్పు. కావలసింది చూసుకుని వెళ్లిపోయినవాడినీ, దారి తెలియక వెనుదిరిగినవాడినీ ఒకే లెక్కలో వేసి సమర్థించుకోవడం రెండోవాడికి చేసే అన్యాయం.

రెండో ఆక్షేపణ ఫోన్ల గురించి. మామిడిపండ్లు అమ్మిన పాప నాటి రోజులు పోయాయి, ఇప్పుడు ప్రతి ఇంట్లో స్మార్ట్‌ఫోన్ ఉంది కదా అంటారు. పరిస్థితి నిజంగానే చాలా మారింది. 2017-18 జాతీయ నమూనా సర్వేలో ఇంటర్నెట్ సదుపాయం ఉన్న గ్రామీణ కుటుంబాలు 15 శాతమే. గ్రామీణ పిల్లల చదువుపై వెలువడే ‘అసర్’ నివేదిక 2024 లెక్క ప్రకారం గ్రామాల్లోని 14-16 ఏళ్ల పిల్లల్లో దాదాపు 90 శాతం మంది ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది, 82 శాతం పిల్లలకు దాన్ని వాడటం వచ్చు. కానీ అదే నివేదికలో ఇంకొంచెం ముందుకు చదవాలి. అంతకుముందు వారంలో ఫోన్‌ను చదువు కోసం వాడినవారు 57 శాతం, సోషల్ మీడియాకు వాడినవారు 76 శాతం. ఫోన్ వాడటం వచ్చినవారిలో సొంత ఫోన్ ఉన్న అబ్బాయిలు 36 శాతమైతే అమ్మాయిలు 27 శాతం. ‘ఇంట్లో ఫోన్ ఉంది’ అన్న మాటకు చాలా కుటుంబాల్లో ఉన్న అర్థం నాన్న జేబులో ఫోన్ ఉందని. ఆయన షిఫ్టుకు వెళితే ఫోనూ షిఫ్టుకు వెళుతుంది. రాత్రి తిరిగొచ్చాక అన్నకు ఒక గంట, మిగిలితే చెల్లికి. ఒక్క గదిలో అయిదుగురు ఉండే బస్తీ ఇంట్లో, టీవీ మోతలో, రేపటికి డేటా మిగులుతుందో లేదో అన్న బెంగతో వినే పాఠాన్ని, సొంత గదిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినే పాఠంతో సమానం చేయగలమా? ఫోన్ సమస్య తగ్గింది. దాని వెనకే దాగి ఉన్న చోటు సమస్య, వేళ సమస్య బయటపడ్డాయి.

మరి తోడు ఉంటే ఫలితం మారుతుందా? మారుతుందనడానికి జార్ఖండ్‌లోనే ఒక దృష్టాంతం ఉంది. 2020 లాక్‌డౌన్‌లో ఆ రాష్ట్రం ‘డిజీసాథ్’ పేరుతో వాట్సాప్ గ్రూపుల ద్వారా పిల్లలకు పాఠాలు పంపింది. దుమ్కా జిల్లా బన్‌కాఠీ మాధ్యమిక పాఠశాలలో అప్పటికి 246 మంది పిల్లలుంటే 204 మందికి మొబైల్ లేదు. వాట్సాప్ పాఠం వారిని చేరే దారే లేదు. అక్కడి ప్రధానోపాధ్యాయుడు ఊళ్లోని చెట్లకు, గోడలకు మైకులు కట్టించి, రోజూ రెండు గంటలు తన తోటి టీచర్లతో పాఠాలు చెప్పించారు. పిల్లలు సందేహాన్ని ఎవరి ఫోన్ నుంచైనా పంపితే, మర్నాడు మైకులో దానికి వివరణ వచ్చేది. గొప్ప సాంకేతికతేమీ లేదు. కానీ ఒక సమయం ఉంది, చెట్టు కింద ఒక చోటు ఉంది, అడిగితే రేపు జవాబు చెప్పే మాస్టారు ఉన్నారు. ఖరీదైన యాప్‌లు చాలా వాటికి లేనిది, ఆ పల్లె బడికి ఉన్నది అదే.

దీన్ని ఒక మంచి మనసు కథగా పక్కన పెట్టేయనక్కర్లేదు, గట్టి పరిశోధనలూ ఇదే మాట చెబుతున్నాయి. ఆఫ్రికాలోని బోట్స్‌వానాలో బడులు మూసిన కాలంలో 4,500 కుటుంబాల మీద ఒక అధ్యయనం జరిగింది. కొందరికి మామూలు ఫోన్‌కు వారం వారం లెక్కలు మెసేజ్‌గా పంపారు. మరికొందరికి మెసేజ్‌తోపాటు ఒక బోధకుడు ఇరవై నిమిషాల దాకా ఫోన్ చేసి తల్లిదండ్రులతోనూ, పిల్లలతోనూ మాట్లాడారు. మెసేజ్ ఒక్కటే అందుకున్న పిల్లల్లో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. మాట్లాడే గొంతు తోడైన పిల్లలు మాత్రం లెక్కల్లో ముందుకెళ్లారు. మన దేశంలో ఆర్థికవేత్త కార్తీక్ మురళీధరన్ తదితరులు ఢిల్లీలో ‘మైండ్‌స్పార్క్’ అనే సాఫ్ట్‌వేర్ మీద చేసిన అధ్యయనం 2019లో వెలువడింది. నాలుగున్నర నెలల్లో పిల్లలు లెక్కల్లో, హిందీలో మిగతావారికంటే స్పష్టంగా ఎక్కువ నేర్చుకున్నారు. సాఫ్ట్‌వేర్ గొప్పతనంగా ఈ ఫలితాన్ని తరచూ చెబుతారు. నిజమే, పిల్లవాడి స్థాయిని పట్టుకుని అక్కడి నుంచి పాఠం మొదలుపెట్టగలగడం ఆ సాఫ్ట్‌వేర్ బలం. కానీ పిల్లలు దాన్ని ఇంట్లో ఒంటరిగా వాడలేదు. బడి అయ్యాక ఒక కేంద్రానికి వచ్చి, 45 నిమిషాలు కంప్యూటర్ ముందు, మరో 45 నిమిషాలు ఒక సహాయకుడి దగ్గర చిన్న బృందంగా కూర్చున్నారు. ఇక పెరూ దేశం గ్రామీణ బడుల పిల్లలకు లాప్‌టాప్‌లు పంచిపెట్టి, ఆ తర్వాత 319 బడుల్లో పరిశీలిస్తే లెక్కల్లోగానీ భాషలోగానీ మెరుగుదల కనిపించలేదు. పరికరం ఒంటరిగా వెళ్లినచోట ఓడింది, మనిషి తోడుతో వెళ్లినచోట గెలిచింది.

ఈ పాఠం తెలుగువారికి కొత్తది కాకూడదు. దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాద్‌లోనే పుట్టింది. నేటి డాక్టర్ బి.ఆర్. అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం అదే. ఇంటర్ లేకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే అవకాశం ఇచ్చి, పొలం పనికీ కూలి పనికీ వెళ్లేవారికి పట్టా దారి చూపింది. దాని తొలి వైస్ ఛాన్సలర్ జి. రామిరెడ్డే ఆ తర్వాత 1985లో ఢిల్లీలో ఇగ్నోకు తొలి వైస్ ఛాన్సలర్ అయ్యారు. పుస్తకాలు పోస్టులో పంపి ఊరుకుంటే చాలదని ఆ విశ్వవిద్యాలయాలకు మొదటి నుంచీ తెలుసు. అందుకే ఊరూరా అధ్యయన కేంద్రాలు పెట్టి, సెలవు రోజుల్లో కాంటాక్ట్ క్లాసులు నడిపాయి. జంషెడ్‌పూర్ చరిత్ర కూడా ఇదే చెబుతుంది. సాక్చీ గ్రామం దగ్గర ఉక్కు కర్మాగారం కట్టిన కొద్ది ఏళ్లకే, 1921లో, పరిశ్రమ పని నేర్పడానికి అక్కడ టెక్నికల్ ఇన్‌స్టిట్యూట్ తెరిచారు. పుస్తకంలోని పాఠం యంత్రం దగ్గర, అనుభవమున్న చేతి పక్కన అర్థమవుతుందని ఆ పరిశ్రమకు తెలుసు. వందేళ్ల కిందట కొలిమి దగ్గర తెలిసిన విషయాన్ని ఇవాళ సెల్‌ఫోన్ దగ్గర మరిచిపోతున్నాం.

భాష సంగతి విడిగా చెప్పుకోవాలి. ఉత్తరాంధ్ర వాళ్లు టాటానగర్ అని పిలుచుకునే జంషెడ్‌పూర్‌కు శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తరతరాలుగా మనవాళ్లు పనికి వెళ్లి స్థిరపడ్డారు. కదమా, బిష్టుపూర్ వీధుల్లో తెలుగు వినిపిస్తుంది. వారి పిల్లలు ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, పుస్తకంలో ఇంగ్లీషు మధ్య చదువుతారు. వారి పక్క బెంచీలో సంతాలీ, హో, బెంగాలీ, ఒడియా మాట్లాడే పిల్లలుంటారు. ఎన్‌పీటెల్ కొన్ని కోర్సుల పాఠాలను తెలుగుతో సహా పలు భారతీయ భాషల్లోకి అనువదించింది. ఆ పని ఇంకా పెరగాలి. కానీ అనువాదంతోనే అంతా తీరదు. ‘టార్క్’ అన్న మాటను తెలుగు లిపిలో రాసినంత మాత్రాన అది అర్థం కాదు. నట్టు బిగించేటప్పుడు పొడుగు పానా పట్టుకుంటే ఎందుకు తేలికో ఇంటి భాషలో చెప్పే మనిషి కావాలి. పిల్లల ఎదుట ఒక కన్ను పాఠం మీద, ఒక కన్ను వారి ముఖం మీద పెట్టి, ఏ మాట దగ్గర తికమకపడ్డారో పసిగట్టే పని ఏ సబ్‌టైటిలూ చేయలేదు.

మనిషిని పెట్టాలంటే ఖర్చు పెరుగుతుంది, అప్పుడు లక్షల మందికి చేరే సులువు పోతుంది కదా అన్నది అన్నింటికంటే బలమైన ఆక్షేపణ. దానికి జవాబు మన ఏర్పాట్లలోనే ఉంది. ఎన్‌పీటెల్ కాలేజీల్లో ‘లోకల్ చాప్టర్లు’ నడుపుతోంది. అక్కడ ఒక అధ్యాపకుడు బాధ్యుడిగా ఉంటాడు, మెంటర్లు విద్యార్థుల చేత గడువులోపు అసైన్‌మెంట్లు పూర్తిచేయిస్తారు. ఈ నమూనాను కాలేజీ గేటు దాటించి ఐటీఐలకు, పాలిటెక్నిక్‌లకు, బస్తీ సామాజిక భవనాలకు, గ్రంథాలయాలకు తీసుకురావాలి. జంషెడ్‌పూర్ వంటి ఊళ్లో ఇది మరీ సులువు. కర్మాగారాల్లో ముప్పై ఏళ్లు పనిచేసి రిటైరైన ఇంజినీర్లు, ఫోర్‌మెన్లు ఆ ఊరి నిండా ఉన్నారు. ఎన్ఐటీ విద్యార్థులున్నారు. తెలుగువారితో సహా పలు భాషల వారికి సొంత సంఘాలున్నాయి, హాళ్లున్నాయి. సాయంత్రం రెండు గంటలు అలాంటి హాలు తెరిచి, వైఫై పెట్టి, గౌరవ భృతితో ఒక మార్గదర్శిని నియమించి, వారంలో కొన్ని రోజులు ఆడపిల్లలకే కేటాయిస్తే అదే అధ్యయన కేంద్రం. కోర్సు పాసైన పేద విద్యార్థికి పరీక్ష ఫీజు తిరిగి ఇవ్వాలి. బోట్స్‌వానా అనుభవం చెప్పినట్టు, కేంద్రానికి రాలేని పిల్లలకు వారానికొక ఫోన్ కాల్ చేయించవచ్చు. లక్షల ట్యాబ్‌లు కొనే ఖర్చు ముందు ఇదెంత?

కృత్రిమ మేధ వచ్చాక ఈ మనిషి అవసరమూ తీరిపోతుందని ఇప్పుడు వినిపిస్తున్న మాట. ఏ అర్ధరాత్రి అడిగినా విసుక్కోకుండా జవాబిచ్చే యంత్రం తప్పక మేలు చేస్తుంది, దాన్నీ ఈ కేంద్రాల్లోకి తెచ్చుకోవాలి. అయితే అడగడం తెలిసినవారికే అది జవాబిస్తుంది. తనకు ఏది తెలియదో తెలియని పిల్లవాడికి ప్రశ్న ఎలా వేయాలో నేర్పేది గురువే. మూడు రోజులు రాకపోతే ఎందుకు రాలేదని ఇంటికి కబురు పెట్టేదీ గురువే. తొలితరం విద్యార్థి చదువు ఆపేయడానికి జవాబు దొరకకపోవడం ఒక్కటే కారణం కాదు. తను ఆపేసినా పట్టించుకునేవారు లేకపోవడం అంతకంటే పెద్ద కారణం.

ఇక్కడే ఒక ప్రమాదాన్ని గట్టిగా చెప్పాలి. ఆన్‌లైన్ కోర్సులకు క్రెడిట్లు ఇస్తున్నాం కాబట్టి అధ్యాపకుల ఖాళీలు నింపకపోయినా ఫరవాలేదన్న ధోరణి ఏ ప్రభుత్వానికైనా రావచ్చు. అది రానివ్వకూడదు. యూజీసీ ఇచ్చిన 40 శాతం వెసులుబాటు విద్యార్థికి ఎంపిక పెంచడానికే. అధ్యాపకుడు లేని తరగతిని కప్పిపుచ్చే పరదాగా అది మారకూడదు. అలాగే పాఠాల యాజమాన్యమూ ముఖ్యం. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి విద్యార్థులకు, ఉపాధ్యాయులకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచింది. వాటిలో బైజూస్ అనే ప్రైవేటు సంస్థ పాఠాలు నింపింది. 2024లో ఆ సంస్థ దివాలా ప్రక్రియలో చిక్కుకుంది. ప్రజల పిల్లల చదువు ఒక వ్యాపార సంస్థ లాభనష్టాల మీద ఆధారపడకూడదనడానికి ఇంతకంటే రుజువు అక్కర్లేదు. ఎన్‌పీటెల్, స్వయం, బడి పిల్లల పాఠాల ప్రభుత్వ వేదిక దీక్షా వంటివి ప్రజల ఆస్తి. వాటిని బలపరచాలి, వాటికి తోడుగా మనుషులను నిలపాలి.

తెలుగు రాష్ట్రాలకు ఈ పనికి కావలసిన పునాది ఇప్పటికే ఉంది. ఇంటి పన్నుతోపాటు మనమంతా గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. ఆ సొమ్ము స్థానిక సంస్థల దగ్గర బకాయిగా పేరుకోకుండా గ్రంథాలయాలకు చేరితే, ప్రతి మండల గ్రంథాలయంలో ఒక అధ్యయన గదిని, ఒక మార్గదర్శిని నిలబెట్టవచ్చు. రిటైరైన ఉపాధ్యాయులు, సెలవులకు ఇంటికొచ్చే ఇంజినీరింగ్ విద్యార్థులు, విదేశాల నుంచి సొంతూరికి ఏదైనా చేయాలని తపించే ప్రవాసులు వారానికి ఒక సాయంత్రం ఇచ్చినా చాలు. వచ్చే ఎన్నికల్లోనో, వచ్చే బడ్జెట్లోనో మళ్లీ ఎవరైనా ఫోన్లు, ట్యాబ్‌లు పంచుతామంటారు. తీసుకుందాం, వద్దనక్కర్లేదు. కానీ తీసుకునే ముందు ప్రతి తల్లీ తండ్రీ, ప్రతి ఓటరూ ఒక్క ప్రశ్న అడగాలి: ఈ పాఠంలో మా పిల్లకు రాత్రి వచ్చిన సందేహాన్ని రేపు ఎవరు తీరుస్తారు? ఆ ప్రశ్నకు ఒక మనిషి పేరు, ఒక చోటు, ఒక వేళ జవాబుగా చెప్పగలిగిన పథకానికే మన మద్దతు ఇద్దాం.